గోరంత మొహం

జూలై 4

ఒరేయ్ బంతీ,

పోస్టులో ఉత్తరం చూసి ఎవరికి ఏం ముంచుకొచ్చిందోనని గుండె పట్టుకుని ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు, కుదురుగా కూర్చుని చదువు. నువ్వు చేస్తున్న ఫోన్ ఆటకి దుకాణంలో పెట్టే బొమ్మ వెయ్యమన్నావు కదా, ఆ సంగతి ఫోన్లో తేలేలా లేదు. నేనొక మాట అంటే నువ్వు నాలుగంటావు, మధ్యలో నీతో కలిసి ఆట చేస్తున్న ఆ పొడుగాటి నిచ్చెన దూరతాడు, చివరికి ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు. అందుకని ఈ పని అయ్యేదాకా నాకు ఫోన్లు వద్దు, మెసేజ్‌లు వద్దు. చెప్పాల్సిందేదో కాగితం మీద చెప్పు, నేనూ అలాగే చెప్తాను.

ముందు నువ్వు సొంతంగా చేసి పంపిన బొమ్మ. అది బొమ్మట్రా? బస్సు, బస్సు నిండా జనం, ఒకావిడ చంకలో మేకపిల్ల, డ్రైవరు, కిటికీ అవతల మబ్బులు, వాటిమీద 'జరగండి జరగండి' అని ఆట పేరు. ఇంటి సామానంతా బొమ్మలోకే ఎక్కించావు, చీపురు ఒక్కటే మర్చిపోయావు. ఫోన్లో ఆటల దుకాణం తెరిచినవాడు నీ బొమ్మని నిలబడి చూడడు. బొటనవేలితో పైకి తోసుకుంటూ పోతుంటాడు. ఆ తోపుడులో నీ బొమ్మ వాడికి గోరంత కనపడుతుంది, అదీ రెప్పపాటు. అందులో ఇంతమందిని కుక్కితే చీమలు పాకినట్టుంటుంది తప్ప మనుషులున్నారని తెలీదు.

నీ ఆటలో ఉన్నదేంటి? ఒక కండక్టరమ్మ. బస్సెక్కినవాళ్లని ఎవరి పక్కన ఎవరు పడతారో చూసి సర్ది కూర్చోబెట్టే ఆవిడ. అయితే ఆవిడ మొహం ఒక్కటే వేద్దాం. టోపీ పైన కోసెయ్, గడ్డం కింద కోసెయ్, మొహంతోనే చదరం నిండిపోవాలి. నోరు తెరిచి అరుస్తుండాలి. అక్షరం ముక్క ఉండకూడదు. వెనకాల పసుపు రంగు, ఎందుకంటే మీ వరసలో ఉన్న ఆటలన్నిటికీ నీలమే ఉంది. నేను దుకాణం పేజీ ఫొటో తీసి మన బొమ్మని వాటి మధ్యలో అతికించి మరీ చూశాను.

అసలు బొమ్మ కంప్యూటర్లో పంపాను. కానీ దాన్ని రెండు వేళ్లతో లాగి పెద్దది చేసి చూడకు. ఈ ఉత్తరం చివర గోరంత సైజులో అచ్చువేసి అంటించాను. దాన్ని గోడకి పెట్టి, గది ఆ చివర నుంచి చూడు. అక్కడినుంచి ఆవిడ నీమీద అరిచినట్టుంటే సరే, లేకపోతే చెప్పు.

మీ బావ నిన్ను అడిగానని రాయమన్నారు.

మీ అక్క

•

జూలై 8

అక్కా,

నమస్కారం పెడతాను గానీ, అది బావకి. నీమీద నాకు కోపంగా ఉంది. వీడియో కాల్ చేస్తే కట్ చేశావు. మామూలు ఫోన్ చేస్తే బావ ఎత్తి 'మీ అక్క స్నానంలో ఉంది' అన్నాడు. మళ్లీ సాయంత్రం చేసినా స్నానమే. అక్కవా, చేపవా? ఎందుకు మొహం చాటేస్తున్నావో నాకు తెలుసు. ఆట మొదటి తెరమీద నా పేరూ నిచ్చెన పేరూ పైన వేసి, నీ పేరు కింద 'సహాయం' అన్నచోట వేశాం. అదే కదా? అది నిచ్చెన చేసిన పని, నేను చూసుకోలేదు. మారుస్తాం.

ఇప్పుడు నా ప్రాణం మీదికొచ్చిన సంగతి విను. ఆటల దుకాణంవాళ్లు మా ఆటని పరీక్షకి తీసుకున్నారు. పద్నాలుగున మొదలై నెలాఖరుకి ముగుస్తుంది. మన బొమ్మని వాళ్లే కొంతమందికి చూపిస్తారు. చూసినవాళ్లలో తగినంతమంది వేలుపెట్టి నొక్కితే ఆట దుకాణం ముందు గదిలోకి వస్తుంది. నొక్కకపోతే వెనక గొడౌన్లోకి పోతుంది, అక్కడికి పోయిన ఆటని చేసినవాడు కూడా వెతికి పట్టుకోలేడు. మధ్యలో బొమ్మ మారిస్తే లెక్క మళ్లీ మొదటినుంచి. నిచ్చెనకి వేరే చోట ఉద్యోగం సిద్ధంగా ఉంది, నెలాఖరుదాకా ఆగుతానన్నాడు. బొమ్మలు కదిలించడం వరకే నా పని, ఆట లోపలి లెక్కంతా వాడిదే. వాడు పోతే ఆట పోయినట్టే. ఇద్దరం ఉద్యోగాలు మానేసి, తిండీ నిద్రా మానేసి చేసిన ఆట, ఇప్పుడు గోరంత బొమ్మకి వేలాడుతోంది.

బొమ్మ బాగుంది అక్కా. నువ్వు చెప్పినట్టే గోడకి పెట్టి చూశాను, చొక్కా గుండీ పెట్టుకోవాలనిపించింది, అంత గట్టిగా అరుస్తోంది. కానీ మూతి ఒక పక్కకి లాగేసింది. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది. కనుబొమ ఒకటి పైకెళ్లింది, రెండోది పడుకుంది. నిద్రమత్తులో వేశావా? నేనే సరిచేశాను. బాగున్న సగాన్ని కోసి, తిప్పి, రెండోవైపు అతికించాను. రెండు నిమిషాల పని. ఇప్పుడు అటూ ఇటూ సమానంగా, శుభ్రంగా ఉంది. దీంతో పంపుతున్నాను, చూసి సరేనను.

నీ తమ్ముడు
బంతి

•

జూలై 11

ఒరేయ్,

ఎవరు సరిచెయ్యమన్నార్రా నిన్ను?

మనిషి మొహాన్ని సగానికి కోసి తిప్పి అతికిస్తే మనిషవుతుందనుకున్నావా? నువ్వు చేసింది మొహం కాదు, పళ్లెం. ఎవరి మొహమైనా అటూ ఇటూ ఒకేలా ఉంటుందా? నీ మొహం చూసుకో అద్దంలో. అరిచే మనిషికి గొంతులో నరం ఒకవైపు ఉబ్బుతుంది, ఒక కన్ను ముందు మూసుకుంటుంది. నువ్వు చేసినావిడ అరవట్లేదు, పళ్ల డాక్టరుకి నోరు చూపిస్తోంది.

ఇంత కష్టపడి వేసింది రెండు నిమిషాల్లో సరైపోయిందన్నమాట. మంచిది. బాగున్న సగం అన్నావు. అదీ మంచిదే.

నా పేరు ఎక్కడ వేశారో నేను చూడనే లేదు. అంత చిన్నదానికి మూతి ముడుచుకునే దాన్నా నేను?

నీకు సమానమైన మొహం కావాలి కాబట్టి ఇంకోటి వేశాను. ఈసారి మీ బావని కూర్చోబెట్టాను. నేనెప్పుడూ నా మొహమే అద్దంలో పెట్టుకుని చూసి వేస్తానని నీకు తెలుసు కదా, చిన్నప్పుడు నేను పులిని గీస్తూ పళ్లు కొరికితే నువ్వు మంచం కిందకి దూరేవాడివి. ఈసారికి మార్పుగా ఉంటుందని ఆయన్ని అరవమన్నాను. ఆయన 'ఎవరిమీద?' అన్నారు. 'నామీద' అన్నాను. పెళ్లయినప్పట్నుంచీ అలవాటు లేని పనట, రావట్లేదట. నోరు మాత్రం తెరిచారు. మీసం తీసేసి, టోపీ పెట్టి వేశాను.

నా కన్ను ఒకటి నీళ్లు కారుతోంది, నలుసేదో పడింది. అక్షరాలు చెరిగిన చోట అడ్జస్ట్ చేసుకో.

అక్క

•

జూలై 15

అక్కా,

నీకు ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పు. ఇలా ఆటపట్టించకు.

బావ బొమ్మ చూసి నిచ్చెన ఏమన్నాడో తెలుసా? 'ఈవిడ జనాన్ని జరగమనట్లేదు, ఆవులిస్తోంది' అన్నాడు. నిజమే. గోడకి పెట్టి చూస్తే నాకే నిద్రొచ్చింది. ఇంతవరకూ నువ్వు వేసిన మొహాల్లో చచ్చుమొహం ఇదొక్కటే, అది కూడా నా ఆటకే వెయ్యాలా? ఊళ్లోవాళ్ల ఆటలకి ఎన్ని వేశావు, ఒక్కటైనా ఇలా వేశావా? ఫోనెత్తవు. బావ ఇప్పుడు కొత్తగా 'మేడమీద బట్టలు ఆరేస్తోంది' అంటున్నాడు. వాన కురుస్తుంటే ఆరేస్తావా?

పరీక్ష నిన్నటినుంచి మొదలైంది. రెండు బొమ్మలు పెట్టుకోవచ్చు, ఒకరికి ఇదీ ఇంకొకరికి అదీ వంతులవారీగా చూపిస్తారట. నేను సరిచేసిన పళ్లెం (నీ మాటే) ఒకటి పెట్టాను. రెండోదానికి బావ బొమ్మ పెట్టడానికి చెయ్యి రాలేదు. నిచ్చెనే 'ఆ మొదటిది పెట్టు, వంకరమూతిది' అన్నాడు. సరే పోనీ అని పెట్టేశాను. వాడు ఆవిడకి వంకరమూతమ్మ అని పేరు కూడా పెట్టాడు. పొద్దున్న రాగానే 'వంకరమూతమ్మ ఎలా ఉంది?' అని అడుగుతాడు. ఇక్కడ నవ్వుకోవడానికి మిగిలింది అదొక్కటే.

నీకు నిజంగా నామీద ఏముందో చెప్పు.

బంతి

•

జూలై 17

తీసెయ్.

ఆ వంకర బొమ్మ తీసెయ్. నీ పళ్లెం పెట్టుకో, మీ బావని పెట్టుకో, మేకపిల్లని పెట్టుకో. ఇది మాత్రం ఈ ఉత్తరం అందిన గంటలో తియ్యాలి. ఎందుకని అడక్కు. వేసింది నేను, తియ్యమంటున్నదీ నేను.

మీ నిచ్చెనకి కూడా చెప్పు, ఆ పేరు ఇంకోసారి వాడి నోట రాకూడదు.

అక్క

•

జూలై 19

అక్కా,

తియ్యను.

ఉత్తరం చదివి నిచ్చెనకి చూపించబోయి ఆగాను. వాడు చూస్తే నీ మీద ఉన్న గౌరవం కూడా పోయేది. ఎందుకంటావా? ఆ వంకర బొమ్మే గెలుస్తోంది. ఊరికే గెలవడం కాదు, నా పళ్లేన్ని తొక్కేస్తోంది. పళ్లెం చూసినవాళ్లు తోసుకుంటూ పోతున్నారు. ఆవిణ్ని చూసినవాళ్లు ఆగుతున్నారు. ఎందుకా అని నేనూ నిచ్చెనా రెండు రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. చివరికి నువ్వు చెప్పినట్టు గది ఈ చివర నుంచి చూస్తే తెలిసింది. గోరంత సైజులో ఆ మూతి వంకరగా కనపడదు అక్కా. ముందువాళ్ల మీద ఒక కన్నేసి ఉంచి, భుజం మీదుగా వెనక సీట్లవాళ్ల మీద అరుస్తున్నట్టుంటుంది! బస్సు బొమ్మలో లేకపోయినా వెనకాల బస్సంతా ఉన్నట్టు తెలిసిపోతోంది. నువ్వు కావాలనే వేశావా? వేసి ఉంటే నీకు సాష్టాంగ నమస్కారం. మరి ఎందుకు తియ్యమంటున్నావు?

ఇలాగే నెలాఖరుదాకా ఉంటే ముందు గది మాదే. ఇప్పుడు తీస్తే లెక్క సున్నా నుంచి మొదలు. నిచ్చెన ఆ ఉద్యోగం వాళ్లకి ఇంకా జవాబివ్వలేదు, రోజూ ఫోన్ చూసుకుంటున్నాడు. ఇవన్నీ తెలిసి నువ్వు 'తీసెయ్, ఎందుకని అడక్కు' అంటున్నావు. చిన్నప్పట్నుంచీ ఇంతే. నీ మాటే చెల్లాలి. నువ్వు జరగమంటే జరగాలి, కూర్చోమంటే కూర్చోవాలి. ఆ కండక్టరమ్మని నేను ఎవర్ని చూసి తయారుచేశాననుకున్నావు?

అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను. నా పని నిలబడుతుంటే నీకు కష్టంగా ఉందా?

బంతి

•

జూలై 22

బంతీ,

ఇది చదివాక ఫోన్ చెయ్యకు, ఎత్తను. బయల్దేరి రాకు, తలుపు తియ్యను. పూర్తిగా చదువు, చాలు.

జూన్ ఆఖర్లో ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుని నీళ్లు పుక్కిలిస్తే సగం నీళ్లు నోటి పక్కనుంచి జాకెట్ మీదికి కారిపోయాయి. పరధ్యానంగా ఉన్నాననుకున్నా. మళ్లీ నీళ్లు పోసుకున్నా, మళ్లీ కారాయి. అప్పుడు అద్దంలో చూసుకున్నాను. మొహం సగం నాది. రెండో సగం ఎవరిదో. ఎడమవైపు కనుబొమ లేవదు, కన్ను మూతపడదు, మూతి కుడివైపుకి లాగేసింది. పక్షవాతమేమోనని మీ బావ నన్ను చొక్కా తిరగేసి వేసుకుని మరీ ఆస్పత్రికి లాక్కెళ్లారు. అది కాదన్నారు. మొహం నరానికి వాపొచ్చిందట. చాలామందికి తగ్గుతుందట, కొందరికి కొంచెం మిగిలిపోతుందట, నేను ఏ రకమో ఇప్పుడే చెప్పలేరట. రాత్రిళ్లు కంటికి ప్లాస్టర్ అంటించుకుని పడుకుంటున్నాను. కన్ను నీళ్లు కారేది అందుకే, నలుసూ లేదు గిలుసూ లేదు.

రెండు పెదాలూ కలవవు. ప రాదు, బ రాదు, మ రాదు. ఫోన్ ఎందుకెత్తట్లేదో ఇప్పుడు తెలిసిందా? నిన్ను పిలవాలంటే పెదాలు కలవాలి కదరా. పిలిచి చూసుకున్నాను, స్నానాలగదిలో, కొళాయి తిప్పి. మీ బావ స్నానంలో ఉంది అన్నది అబద్ధం కాదు.

నీకెందుకు చెప్పలేదంటే, నీ పరీక్ష దగ్గర పడుతోంది. చెప్తే ఆ రోజే రైలెక్కుతావు. అంతవరకు మంచిదాన్నే. అసలు కారణం అది కూడా కాదు. నాకు ఎవరికీ చూపించాలని లేదు. పాలవాడికి కూడా గుమ్మం వెనకనుంచే గిన్నె చాపుతున్నాను.

నీ బొమ్మ వెయ్యాల్సి వచ్చింది. అలవాటు చొప్పున అద్దం ముందు కూర్చుని అరిచాను. ఏం కనపడిందో అదే వేశాను. వేసేటప్పుడు అదేంటో తెలియలేదు, చెయ్యి తన పని తను చేసుకుపోయింది. పూర్తయ్యాక చూస్తే నేనే, ఇప్పటి నేను. చింపేద్దామనుకుని, చింపలేక నీకు పంపాను. చిన్నప్పట్నుంచీ నా మొహం చూసి పెరిగినవాడివి, గుర్తుపడతావనుకున్నాను. ఎక్కడో ఏదో తేడాగా ఉందే, అక్కకి ఏమైంది అని అడుగుతావనుకున్నాను. నువ్వు బాగున్న సగం కోసి అతికించావు. నేను రోజూ ఆ అద్దం ముందు నిలబడి చేతులతో మూతిని లాక్కుంటూ చెయ్యాలని చూస్తున్న పని, రెండు నిమిషాల్లో చేసి చూపించావు.

నీకు తెలీదు. తెలీక అన్నావు. నాకూ తెలుసు. అయినా చాలా ఏడ్చానురా. ఒక కంటితో ఏడవడం కూడా ఒక అవస్థే.

నీ పని నిలబడితే నాకు కష్టమా? అది రాసిన చేత్తోనే కొంచెం సేపు చెంప మీద కొట్టుకో.

ఇప్పుడు నీకు తెలిసింది. ఉంచుతావో తీస్తావో నీ ఇష్టం.

అక్క

•

జూలై 24

అక్కా,

ఉత్తరం సగం చదివేసరికే లేచి వెళ్లి తీసేశాను. మిగతా సగం తీసేశాక చదివాను. ఇష్టం నాది అన్నావు గానీ, అందులో నా ఇష్టం అడగడానికేముంది?

నిచ్చెన పక్కనే ఉన్నాడు. 'ఏం చేశావురా!' అని కుర్చీలోంచి లేచాడు. లెక్క సున్నా అయిపోయింది. తెరమీద పళ్లెం ఒక్కటే మిగిలింది, దాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు. కారణం అడిగాడు, చెప్పలేదు. అది నీది, నేను పంచేది కాదు. వాడు చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు. ఉద్యోగం వాళ్లకి సరేనంటాడనుకుంటా. అననీ.

నువ్వు చెప్పిన చెంపదెబ్బ కొట్టుకోలేదు. అద్దం ముందు నిలబడ్డాను. వేళ్లతో మూతి పక్కకి లాగి పట్టుకుని, పెదాలు కలపకుండా నా పేరు పలికి చూశాను. ఏదో గాలిలాగా వచ్చింది. నువ్వు కొళాయి తిప్పి ఇదే చేశావని తలుచుకుంటే నా వల్ల కాలేదు.

వంకరమూతి అన్న మాట నా చేత్తో నీకు రాశాను. ఏ నోటితో క్షమించమనాలో తెలీట్లేదు. ఆ మొహం చూసి గుర్తుపట్టనివాణ్ని నేను. పులిమొహం పెట్టినా, దెయ్యం మొహం పెట్టినా, మంచం కిందనుంచి కూడా ఇది మా అక్కే అని చెప్పేవాణ్ని. రెండు వేళ్లతో లాగి పెద్దది చేసుకుని మరీ చూశాను, గుర్తుపట్టలేదు.

రావద్దన్నావు కాబట్టి రావట్లేదు. నా మాట కాదు, నీ మాటే చెల్లనీ.

బంతి

•

జూలై 24

ఒరేయ్ బంతీ,

మొన్నటి ఉత్తరం అందే ఉంటుంది. ఏం చేశావో తెలీదు. ఏమీ చెయ్యకపోతే, ఉంచు. తొందరగా అందాలని దీన్ని కూడా కొరియర్లో వేస్తున్నాను.

ఇవాళ మొహానికి వ్యాయామం చేయించే క్లినిక్‌కి వెళ్లాను. ముక్కుదాకా స్కార్ఫ్ చుట్టుకుని బల్ల చివర కూర్చున్నాను. కౌంటర్ వెనక ఒకావిడ ఉంటుంది, పేర్లు పిలిచి లోపలికి పంపే ఆవిడ. ఎవరైనా కాస్త ముందుకి జరిగితే కళ్లతోనే వెనక్కి తోస్తుంది. ఇవాళ కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని బొటనవేలితో పైకి తోసుకుంటూ పోతోంది. నేను గది ఈ చివర. అక్కడినుంచి నాకు కనపడింది, పసుపుపచ్చగా, గోరంత. వేలు ఆగింది.

ఆవిడ దాన్ని చూస్తూ ఉండిపోయింది. చూస్తూ చూస్తూ తన మూతి తనకి తెలియకుండానే పక్కకి లాగింది. ఒక కన్ను పెద్దది చేసింది. ఒరేయ్, బాగున్న నరాలున్న మనిషి, నా మొహం చూసి నాలాగా పెట్టింది! నాకు నవ్వొచ్చేసింది. ఇది వచ్చాక మొదటిసారి. నవ్వితే స్కార్ఫ్ జారింది. ఆవిడ తలెత్తి నన్ను చూసింది, ఫోన్ చూసింది, మళ్లీ నన్ను చూసింది. నేను స్కార్ఫ్ లాక్కోలేదు. ఎందుకో లాక్కోవాలనిపించలేదు. ఆవిడ ఏమంటుందోనని చూస్తున్నా. ఫోన్ బోర్లా పెట్టి, 'లోపలికి జరగండమ్మా, మీ వంతొచ్చింది' అంది. అంతే.

మీ నిచ్చెన అన్నది నిజమే, అది వంకరమూతే. నా మూతి. గెలుస్తోందంటున్నావు కాబట్టి గెలవనీ. సిగ్గుపడితే నేను పడాలి, అది నేను చూసుకుంటాను. తియ్యకు.

అక్క

•

ఆగస్టు 2

అక్కా,

నీ 'ఉంచు', నా 'తీసేశాను' దారిలో ఎదురుపడి, పలకరించుకోకుండా ఎవరి దారిన అవి పోయాయి. నీ ఉత్తరం వచ్చేసరికి తీసిన బొమ్మ తీసినట్టే ఉంది. మళ్లీ అదే పెడదామంటే దుకాణంవాళ్లు ఒప్పుకోరు, ఒకసారి తీసిన బొమ్మ మళ్లీ ఎక్కదట. కొత్తది కావాలి. నిన్ను మళ్లీ అద్దం ముందు కూర్చోమని అడగడానికి నాకు నోరు రాలేదు. అడగకూడదనుకుని కంప్యూటర్ కట్టేసి పడుకున్నాను.

తీసేశానన్న నా ఉత్తరం నీకు అందినట్టుంది, తెల్లారి తెరిస్తే నీ దగ్గర్నుంచి కొత్త బొమ్మ వచ్చి ఉంది. ఒక్క ముక్క రాయలేదు, ఉత్త బొమ్మ.

అక్కా, మొదటిదాంట్లో ఆవిడ పక్కచూపులు చూసేది. ఇందులో సూటిగా నన్నే చూస్తోంది. మూతి అలాగే ఉంది, కన్ను అలాగే ఉంది, కానీ ఈసారి అరిచే ఆవిడకి తను ఎలా ఉందో తెలుసు. గది ఆ చివరికి వెళ్లకముందే గుర్తుపట్టాను. ఈసారి మొదటి చూపుకే గుర్తుపట్టాను అక్కా, ఒట్టు.

నిచ్చెన తిరిగొచ్చాడు. కారణం ఇప్పటికీ చెప్పలేదు, వాడూ మళ్లీ అడగలేదు. బొమ్మ చూసి 'ఆ రెండో కంట్లో కాస్త మెరుపు పెడదామా?' అన్నాడు. ముట్టుకుంటే వేళ్లు విరుస్తానన్నాను. ఎక్కించాం. మిగిలిన ఆ కాసిని రోజులూ ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, నొక్కినవాళ్ల అంకె వంక చూస్తూ ఉన్నాం. మొదటి రోజు కదల్లేదు. నిచ్చెన ఫోన్ మోగింది, వాడు లేచి బయటికెళ్లి మాట్లాడాడు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి కదలడం మొదలెట్టింది, ఇక ఆగలేదు. ఆఖరి రోజు సాయంత్రం దుకాణంవాళ్లు పెట్టిన గీత దాటింది. బొటాబొటిగా దాటింది, కానీ దాటింది. నిచ్చెన ఉద్యోగం వాళ్లకి వద్దని ఆ ముందురోజే చెప్పేశాడట, నాకు అప్పుడు చెప్పాడు. వెధవ.

సోమవారం నుంచి ఆట ముందు గదిలో ఉంటుంది. మొదటి తెరమీద పేర్లు మార్చాం. నీది పైన, మా ఇద్దరిదీ కింద. కొంచెం జరిగాం.

ఇంకా రావద్దనే అంటావా?

నీ తమ్ముడు
బంతి

•

ఆగస్టు 6

ఒరేయ్ బంతీ,

ముందు గదిలో చూశాను. పక్కనున్న ఆటలన్నీ నీలంగా, మధ్యలో ఆవిడ పచ్చగా అరుస్తూ. మీ బావ ఆఫీసులో అందరి ఫోన్లూ అడిగి తీసుకుని మరీ నొక్కి ఇస్తున్నారట. తన బొమ్మ మీరు వద్దన్నారని మనసులో ఉంచుకోలేదు, చాలా మంచి మనిషి.

నిన్న డాక్టరు చూశారు. కనుబొమ కాస్త లేస్తోంది. కన్ను ముప్పాతిక మూసుకుంటోంది. మూతి సంగతి మాత్రం ఇంకా చూడాలన్నారు. సరైతే సరే. కాకపోతే నీ తర్వాతి ఆటకి కూడా నేనున్నాను. నిజం చెప్పనా, ఆ రెండో బొమ్మ వేసేటప్పుడు ఒక్క భయమే వేసింది, ఇది పూర్తయ్యేలోపు మూతి సరైపోతుందేమోనని. నీ అక్క పని పిచ్చి అలాంటిది.

రమ్మని అంటున్నాను. ఆ నిచ్చెనని కూడా తీసుకురా, వాడికి కారణం నేనే చూపిస్తాను.

కానీ దానికి ముందు ఒక పని ఉంది. ఈ ఉత్తరం అందిన సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. మొహం కనపడే ఫోనే. తల దువ్వుకుంటాను, స్కార్ఫ్ కట్టుకోను. నువ్వు మొహం పక్కకి తిప్పుకుంటే ఊరుకోను. ఏడిస్తే అస్సలు ఊరుకోను.

పెదాలు ఇంకా కలవట్లేదు. పిలిస్తే ఇంకెవరినో పిలిచినట్టు వినపడుతుంది. నిన్నేరా. పలుకు.

మీ అక్క